ఫేబీ బౌలింగ్ యావరేజి

అమ్మ పోయాక ఫేబీ మొదటిసారి బడికి వెళ్లిన రోజున, పీఈటీ కామాక్షి మేడమ్ వరండాలో కూర్చుని ఆడపిల్లల క్రికెట్ టీమ్‌కు పేర్లు రాసుకుంటూ ఉంది. ఫేబీ వెళ్లి బల్ల ముందు నిలబడింది. మేడమ్ తలెత్తి చూసి పెన్ను కింద పెట్టేసింది.

"నువ్వు ఇంకొన్నాళ్లు ఆగి రామ్మా. తొందరేం లేదు," అంది.

"పర్వాలేదు మేడమ్. రాసుకోండి."

ఆ గొంతులో ఏడుపు లేదు, పట్టుదలా లేదు. బస్సులో టికెట్ అడిగినట్టు అడిగింది. జాలిపడి పేరు రాసేయడం మేడమ్‌కు తేలికే. కానీ ఆమె పిల్లల్ని మభ్యపెట్టే మనిషి కాదు.

"చూడు ఫేబీ. పోయినేడు నీ బౌలింగ్ యావరేజి ముప్పై నాలుగు. ఒక్కో వికెట్టు తీసేదానికి ముప్పై నాలుగు పరుగులు ఇచ్చుకున్నావు. అట్టయితే మనం గెలిచేదెట్టా? దసరా సెలవులకు ముందు నెల్లూరులో బడుల పోటీలు ఉండాయి. ఈ లోపల మనం ఆడే మ్యాచుల్లో యావరేజి ఇరవై లోపలికి తెచ్చుకుంటే తీసుకుంటా. లేదంటే లేదు. నీకొక లెక్క, ఇంకొకరికొక లెక్క ఉండదు."

"సరే మేడమ్," అని ఫేబీ తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లిపోయింది.

వాళ్ల ఊరు, కోట అనే టౌను నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. రోడ్డుకు ఒక పక్క వరి కయ్యలు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. ఫేబీ వాళ్ల నాయన పేరు సమాధానం. ఆయన ఆ గుంటల దగ్గర మేత చల్లే పనికి పోతాడు. అమ్మ ప్రేమలీల ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని ఊళ్లో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. జూన్‌లో బడులు తెరిచే ముందు ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఒళ్లంతా ఎర్రటి మచ్చలు తేలాయి. అక్కడి నుంచి ఆమె తిరిగి రాలేదు.

సమాధి కార్యక్రమంలో అందరూ ఏడ్చారు. ఫేబీ ఏడవలేదు. పాటల పుస్తకం పట్టుకుని, ఏ పేజీ చెప్తే ఆ పేజీ తీసింది. పాస్టరమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, "దేవుడు ఈ బిడ్డకు ఎంత నిబ్బరం ఇచ్చినాడో చూడండి," అంది. అందరూ చూశారు. అది నిబ్బరమో కాదో ఫేబీకి తెలియలేదు. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు, మాటలన్నీ ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు అనిపించింది. రెండ్రోజుల్లో పోతుందనుకుంది. పోలేదు.

బౌలింగ్‌లో ఫేబీకి మొదటి నుంచీ వేగం ఉంది. లోపమల్లా కోపమే. బ్యాటింగ్ చేసే పిల్ల ఒక ఫోర్ కొడితే చాలు, ముక్కు పుటాలు ఎగరేసుకుంటూ వెళ్లి తర్వాతి బంతిని ఇంకా గట్టిగా విసిరేది. అది ఎక్కడ పడేదో ఆమెకే తెలిసేది కాదు. దాన్నీ కొట్టేవాళ్లు. ఆ ముప్పై నాలుగు అట్లా వచ్చిందే. ఒకసారి ఓవరు మధ్యలో బంతిని నేలకేసి కొట్టి, మేడమ్ చేత గ్రౌండ్ చుట్టూ పరుగులు పెట్టించుకుంది.

ఇప్పుడు కోపం రావడం లేదు.

సాయంత్రం బడి వదిలాక ప్రాక్టీసు. గ్రౌండంతా చవుడు నేల, మధ్యలో పరిచిన చాప ఒక్కటే పిచ్. ఫేబీ పరుగెత్తి వచ్చి, ఆఫ్ స్టంపు ముందు మేడమ్ పెట్టిన చెప్పు మీద బంతి వేసేది. కొడితే వెనక్కి నడిచి వచ్చేది. మళ్లీ అక్కడే వేసేది. వికెట్టు పడితే పిల్లలంతా చేతులు తట్టడానికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఆమె చెయ్యి చాపేది, వాళ్లు తట్టేవాళ్లు, మళ్లీ వెనక్కి నడిచేది.

వాళ్ల టీమ్‌లో ఓపెనింగ్ బ్యాటింగ్ సాయిలక్ష్మిది. ఊళ్లో వరి పండించే కుటుంబం పిల్ల. ఆరో తరగతి నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ.

"ఏమే, ఇప్పుడు నీ బంతి ఆడాలంటే భయంగా ఉండాది," అంది సాయిలక్ష్మి ఒకరోజు.

"ఎందుకు?"

"పోయినేడు నిన్ను రెచ్చగొడితే చాలు, పరుగులు వచ్చేవి. ఇప్పుడు ఎంత తిట్టినా చూసి ఊరుకుంటా ఉండావు. రాయి మాదిరి."

సాయిలక్ష్మి ఫేబీని కూర్చోబెట్టి జడలు విప్పి మళ్లీ వేసింది. రోజూ ఉదయం నాయనే జడ వేసి పంపేవాడు. మోకు పేనినంత గట్టిగా పేనేవాడు, అయినా మధ్యాహ్నానికి ఒకటి పైకి, ఒకటి కిందికి జారేవి. అది చూసి క్లాసులో నవ్వుతారేమోనని సాయిలక్ష్మే ఇంటర్వెల్‌లో సరిచేసేది. నవ్వినా ఫేబీకి తేడా తెలిసేది కాదు.

ఇంట్లో కూడా అంతే. ఒక పొద్దున అన్నం గంజి వారుస్తూ గిన్నె అంచు చేత్తో పట్టుకుంది. బడికి వెళ్లాక పక్క పిల్ల, "చేతికి బొబ్బ లేచిందేంది?" అని అడిగితే అప్పుడు చూసుకుంది. కాలిందని తెలుసు. నొప్పి మాత్రం ఎవరో చెప్తే విన్నట్టుగా ఉంది.

జూలై, ఆగస్టు నెలల్లో చుట్టుపక్కల బడులతో మ్యాచులు ఆడారు. ఫేబీ యావరేజి ముప్పై దిగింది, ఇరవై ఐదు దిగింది. ఆగస్టు చివరికి ఇరవై ఒకటి దగ్గరికి వచ్చింది. కామాక్షి మేడమ్ ప్రార్థన సమయంలో బడి మొత్తానికి చెప్పింది: "ఫేబీని చూసి నేర్చుకోండి. ఇంట్లో అంత జరిగినా మనసు చెదరనీకుండా ఆడుతా ఉండాది." పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఫేబీ వరుసలో నిలబడి ముందున్న పిల్ల రిబ్బన్ చూస్తూ ఉంది.

టీమ్‌ను తేల్చేది సెప్టెంబరులో. బడి పిల్లలే రెండు జట్లుగా విడిపోయి ఆడిన మ్యాచ్ అది. ఆ రోజు మొదటిసారి లెదర్ బాల్ ఇచ్చారు. సాయిలక్ష్మి ఎదుటి జట్టులో పడింది. ఫేబీ అప్పటికే ఇద్దరిని అవుట్ చేసింది. సాయిలక్ష్మి ఒక్కతే కుదురుగా ఆడుతోంది. ఫేబీ ఎప్పటిలాగే వచ్చి ఎప్పటి చోటే బంతి వేసింది. అక్కడ చాప కింద ఏం గడ్డ ఉందో, బంతి ఒక్కసారిగా పైకి లేచి సాయిలక్ష్మి కుడి చేతిని బ్యాటు పిడికేసి కొట్టింది. బ్యాటు ఎగిరిపోయింది. సాయిలక్ష్మి చేతిని కడుపులో దాచుకుని మోకాళ్ల మీద కూలబడింది. ఆమె నోట్లోంచి వచ్చిన అరుపుకు వరండాలో ఉన్న టీచర్లు కూడా లేచారు.

అందరూ ఆమె చుట్టూ మూగారు. బంతి దొర్లుకుంటూ వెళ్లి వికెట్ కీపర్ కాళ్ల దగ్గర ఆగింది.

ఫేబీ ఉన్న చోటే నిలబడి చెయ్యి చాపింది. "బాల్ ఇట్టియ్యి."

కీపర్ పిల్ల ఆమె వైపు వింతగా చూసింది. వినపడలేదేమో అనుకుని ఫేబీ మళ్లీ అడిగింది. "బాల్ ఇయ్యి. ఓవరు అయిపోలేదు."

అప్పటికి గ్రౌండ్‌లో అందరూ మాట ఆపేశారు. సాయిలక్ష్మి నేల మీద నుంచే తల తిప్పి చూసింది. కళ్ల నిండా నీళ్లున్నాయి. అయినా చూపు మాత్రం తిన్నగా ఫేబీ మీదే ఉంది.

మేడమ్ సాయిలక్ష్మిని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని కోటకు తీసుకెళ్లింది. బొటనవేలు ఎముక విరిగిందని, నెలన్నర కట్టు ఉండాలని సాయంత్రానికి తెలిసింది. పోటీలకు సాయిలక్ష్మి లేనట్టే. ఆ మ్యాచ్‌తో ఫేబీ యావరేజి పద్దెనిమిదికి దిగింది. నోటీసు బోర్డులో ఆమె పేరు మూడోది. ఎవరూ వచ్చి చెయ్యి తట్టలేదు.

ఆ సాయంత్రం సమాధానం పనికి పోయే ముందు గుమ్మంలో కూర్చుని కాళ్లకు పసుపు నూనె రాసుకుంటున్నాడు. గుంటల్లో ఉప్పు నీళ్లకు వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. ఫేబీ వచ్చి పక్కన కూర్చుంది.

"నాయనా, నాకేమన్నా అయిందేమో."

"ఏమయింది? జ్వరమా?" అని చటుక్కున నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆ ఇంట్లో ఆ మాటంటే అంత భయం.

"జ్వరం కాదు. నా బంతి తగిలి సాయిలక్ష్మి వేలు విరిగింది. అది ఏడుస్తా ఉంటే నేను బాల్ ఇమ్మని అడిగినా. నాకు అయ్యో అనిపించలేదు. ఇప్పుడూ అనిపించట్లేదు. అనిపించాల కదా?"

సమాధానం చేతికి అంటిన నూనెను లుంగీకి తుడుచుకున్నాడు.

"నాకూ అట్నే ఉండాది పాపా," అన్నాడు. "మొన్న తెప్ప మీద మేత చల్లతా చల్లతా గుంట నడిమధ్యన నిలబడిపోయినా. ఎంతసేపు నిలబడినానో తెలీదు. గట్టు మీద నించి కాపలా చిన్నపోలయ్య అరిస్తే అప్పుడు కదిలినా. మేతంతా ఒక్కచోటే పడిపోయింది."

"మరి నువ్వేం చేసినావు?"

"ఏం చేస్తా? రెండో పక్కకి పోయి మిగతాది చల్లినా." లేచి చొక్కా వేసుకున్నాడు. "పద, ఆ పిల్లని చూసొద్దాం. అనిపించినా అనిపించకపోయినా పోవాల. పొద్దుగూకేలోపల పోయొస్తే నేను పనికి పోతా."

సాయిలక్ష్మి వాళ్ల ఇంటి ముందు వడ్లు ఎండబోసి ఉన్నాయి. సాయిలక్ష్మి జేజి అని పిలిచే వాళ్ల నాయనమ్మ వెంకటశేషమ్మ కాలితో వడ్లు తిరగదోస్తోంది. ఇద్దరినీ చూడగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"వచ్చినారా? ఏమయ్యా సమాధానం, ఆడపిల్ల చెయ్యి అది! అన్నం తినే చెయ్యి! మీ పాప చూసి వెయ్యబళ్లా?"

"తప్పయింది పెద్దమ్మా," అన్నాడు సమాధానం.

"కావాలని చేసిందని అన్లా. కానీ బాల్ ఇమ్మని అడిగిందంట గదా? మా పిల్ల అది తల్చుకునే ఏడస్తా ఉండాది, నొప్పికి కాదు."

ఫేబీ తల వంచుకుని లోపలికి వెళ్లింది. సాయిలక్ష్మి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చేతికి మణికట్టు దాకా తెల్లటి కట్టు. ఫేబీని చూసి ముఖం తిప్పుకుంది.

"ఎందుకొచ్చినావు? బాల్ ఈడ లేదు."

ఫేబీ నిలబడే ఉంది. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చింది. తీరా ఇక్కడికొచ్చాక ఆ మాట అబద్ధంలా అనిపించింది.

"సారీ చెప్దామని వచ్చినా. కానీ నాకు లోపల ఏమీ తెలియట్లేదు సాయీ. అమ్మ పోయినప్పటి నించి ఇంతే. చెయ్యి కాలినా తెలియలా. అందరూ గట్టి పిల్లంటా ఉండారు. గట్టి కాదు. ఏమీ లేదు, అంతే. నువ్వు కింద పడితే, బంతి యాడుందా అని చూసినా. అదొక్కటే కనపడింది."

సాయిలక్ష్మి ఇటు తిరిగింది. కోపం తగ్గలేదు గానీ, ఫేబీ ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నాకెందుకు చెప్పలా?"

"ఏమని చెప్పాల?"

బయట వెంకటశేషమ్మ సమాధానానికి మజ్జిగ ఇస్తూ, తిట్టిన నోటితోనే వంట సంగతులు అడుగుతోంది. కాసేపటికి సాయిలక్ష్మి ఎడమ చేత్తో దువ్వెన తీసి మంచం మీద పడేసింది.

"నాకు రేపటి నించి జడ ఎవరెయ్యాల? జేజికి చేతులు వణకతాయి. రోజూ పొద్దన వచ్చి వెయ్యి. నోట్సు కూడా రాసి పెట్టు. కట్టు తీసేదాకా. నీకు తెలిసినా తెలియకపోయినా సరే, రావాల."

"వస్తా."

మర్నాటి నుంచి ఫేబీ పొద్దున్నే వెళ్లేది. మొదటి రోజు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. రెండో రోజు సాయిలక్ష్మి, "లాగద్దు, పీకతా ఉండావు," అంది. తర్వాత రోజుల్లో ఎవరు టీమ్‌లో సరిగ్గా ఆడుతున్నారో, ఎవరు ఆడటం లేదో చెప్పుకోవడం మొదలైంది. ఫేబీకి చెవుల్లో దూది అలాగే ఉంది. కానీ చేతులకు పని ఉంది. పాపిడి తీయడం, మూడు పాయలు చేయడం, రిబ్బన్ మడిచి కట్టడం. ఒకరోజు వెంకటశేషమ్మ ఆమెకు దోసె పెట్టి, గోంగూర పచ్చడి వేసింది. ఫేబీ తింటూ తింటూ, "కారం," అంది. వెంకటశేషమ్మ, "కారం గాక తియ్యగా ఉంటదా?" అని విసుక్కుంటూ నెయ్యి పోసింది.

పోటీల రోజున మేడమ్ మాట్లాడిన వ్యాన్‌లో అందరూ నెల్లూరు బయల్దేరారు. సాయిలక్ష్మి కట్టు చేత్తోనే వచ్చింది. ఎడమ చేత్తో అంకెలు వేయడం నేర్చుకున్నానని, స్కోరు తనే రాస్తానని మేడమ్ వెంటపడి ఒప్పించింది.

మొదటి మ్యాచే వెంకటాచలం వైపు నుంచి వచ్చిన జట్టుతో. ఫేబీ వాళ్లు ముందు బ్యాటింగ్ చేసి తక్కువ పరుగులకే అందరూ అవుటయ్యారు. సాయిలక్ష్మి ఉంటే ఇంకొన్ని వచ్చేవని ఎవరూ పైకి అనలేదు. తర్వాత ఫేబీ బౌలింగ్ మొదలుపెట్టింది. ఎప్పటి చోటే, ఎప్పటి వేగంతోనే. ఇద్దరు వెంటవెంటనే బౌల్డ్ అయ్యారు. మేడమ్ బయట నిలబడి చప్పట్లు కొట్టింది.

అప్పుడు ఒక ఎడమచేతి పిల్ల బ్యాటింగ్‌కు వచ్చింది. పొడుగ్గా, కాళ్లకు చాలని ప్యాడ్లు కట్టుకుని ఉంది. ఫేబీ వేసిన మొదటి బంతిని అడుగు ముందుకు వేసి నెత్తి మీదుగా సిక్స్ కొట్టింది. ఫేబీ వెనక్కి నడిచింది. రెండో బంతి ఫోర్. మూడోది బ్యాటు అంచుకు తగిలి గాల్లోకి లేచింది. మిడాన్‌లో ఉన్న పిల్ల రెండు చేతుల్లోకి వచ్చిన క్యాచ్‌ను జారవిడిచింది. ఆ ఎడమచేతి పిల్ల పరుగు తీసి, ఫేబీ పక్కగా పోతూ పళ్లు బయటపెట్టి నవ్వింది.

ఫేబీకి చెవుల్లో వేడిగా ఏదో కొట్టుకుంది. అదేమిటో వెంటనే పోల్చుకోలేకపోయింది.

"అది కూడా పట్టలేవా?" అని మిడాన్ పిల్ల మీద అరిచింది. తన అరుపు తనకే కొత్తగా వినిపించింది. ఎన్నో నెలల తర్వాత అంత దగ్గరగా వినపడిన గొంతు అది. మిడాన్ పిల్ల బిత్తరపోయింది. మేడమ్ బయట నుంచి, "ఫేబీ! నీ చోట నువ్వు వెయ్యి! చోటు మార్చద్దు!" అని కేక వేసింది.

ఫేబీ వినలేదు. ఉన్న బలమంతా పెట్టి విసిరింది. బంతి సగంలోనే పడి లేచింది, ఆ పిల్ల దాన్నీ కొట్టింది. తర్వాతిదీ కొట్టింది. ఓవరు అయ్యేసరికి ఫేబీ రొప్పుతోంది. ముక్కు పుటాలు ఎగిరిపడుతున్నాయి. కాలితో నేలను తన్నింది. స్కోరు రాసే బల్ల దగ్గర సాయిలక్ష్మి లేచి నిలబడి, కట్టు చేతిని గాల్లో ఊపుతూ ఏదో అరుస్తోంది. ఆమె తిడుతోందో నవ్వుతోందో అంత దూరానికి తెలియలేదు.

కాసేపయ్యాక మేడమ్ మళ్లీ ఆమెకే బంతి ఇప్పించింది. "కోపం ఉంటే ఉండనీ. చూసి వెయ్యి," అని మాత్రం అంది. ఫేబీ చూసి వేయడానికి ప్రయత్నించింది. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. ఎడమచేతి పిల్ల మాత్రం అవుట్ కాలేదు. ఇంకా ఓవర్లు మిగిలి ఉండగానే వాళ్లు గెలిచేశారు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో ఫేబీ కిటికీ పక్కన కూర్చుని వేళ్లు విరుచుకుంటోంది.

"నీ యావరేజి మళ్లా ఇరవై దాటింది. ఎంతో చెప్పమంటావా?" అంది సాయిలక్ష్మి.

"చెప్పొద్దు."

"మేడమ్ నిన్ను తీసెయ్యదులే. అడిగినా."

"తీసేస్తే తీసెయ్యనీ. ఆ పొడుగు పిల్ల ఎట్టా నవ్విందో చూసినావా? దాన్ని అవుట్ చెయ్యకపోతే నాకు నిద్ర పట్టదు." ఆమె కళ్ల చివర నీళ్లు నిలిచాయి గానీ కారలేదు. సాయిలక్ష్మి ఆమె వైపు చూసి, మంచి చేత్తో మోచెయ్యి పట్టుకుంది.

ఊరి మలుపు దగ్గర సమాధానం మోపెడ్‌తో కాచుకుని ఉన్నాడు. ఫేబీ వెనక ఎక్కింది.

"గెలిచినారా?"

"ఓడిపోయినాం."

"పోన్లే పాపా."

"పోన్లే అంటావేంది నాయనా! ఆ పిల్ల నా బంతులన్నీ కొట్టింది. ఎడమచేత్తో ఆడతది. ఎడమచేతి వాళ్లకి నేను అటు పక్క నించి వెయ్యాల. నాకు తెలియలా."

సమాధానానికి క్రికెట్ ఏమీ తెలియదు. అటు పక్క అంటే ఎటు పక్కో కూడా తెలియదు. మోపెడ్‌ను నెమ్మది చేశాడు. "మళ్లా చెప్పు. ఎటు నించి వెయ్యాల?" అన్నాడు.

రొయ్యల గుంటల మధ్య మట్టి బాటలో పోతూ, ఫేబీ అతని వీపు మీద వేలితో పిచ్ గీసి చెప్పడం మొదలుపెట్టింది.